కరవు కాలపు జమాఖర్చులు

పట్టణంలో నివసించేవారిలో పురపాలక సంఘాధ్యక్షుని పేరు ఎరిగినవారు చాలామంది ఉంటారు. కమిషనరు ఎవరో కొందరికి తెలుస్తుంది. కుళాయి రాకపోతే ఎవరికి చెప్పాలో, మురుగుకాలువ పొంగితే ఎవరిని పిలవాలో ప్రతి ఇంటివారికీ తెలుసు. కాని అదే కార్యాలయంలో వెనుక గదిలో, బీరువాల నడుమ కూర్చుని ఊరి జమాఖర్చులు రాసే ఉద్యోగి పేరు అడిగితే చెప్పగలవారు అరుదు. నిజానికి నెలాఖరున ఎవరి చేతికి డబ్బు అందుతుందో, ఎవరు మరో నెల ఆగవలసి వస్తుందో చాలావరకు ఆ గదిలో తయారయ్యే కాగితం మీదనే ఆధారపడి ఉంటుంది.

అటువంటి ఉద్యోగులకు పాఠాలు చెప్పే పని చాలా సంవత్సరాలపాటు నాకు దక్కింది. మున్సిపల్ అకౌంటెంట్లు, మేనేజర్లు, పంచాయతీ కార్యదర్శులు, అప్పుడప్పుడు ఆడిట్ శాఖవారు కూడా నా ఎదుట బల్లలమీద కూర్చున్నారు. ఈ కాలమంతటిలో ఒక విచిత్రాన్ని నేను గమనిస్తూ వచ్చాను. ప్రభుత్వాల చేతిలో డబ్బు ఆడే సంవత్సరాల్లో శిక్షణ తరగతులు పుష్కలంగా జరుగుతాయి. కటకట ఏర్పడగానే మొట్టమొదట కొట్టివేతకు గురయ్యే పద్దు శిక్షణదే. జ్వరం లేనప్పుడు రోజూ నాడి చూపించుకుని, జ్వరం ముదిరిన నాడు ఖర్చు తగ్గించడం కోసం వైద్యుణ్ణి మాన్పించినట్లుంటుంది ఈ వ్యవహారం.

"జీతాలకే డబ్బు లేదు, ఇప్పుడు శిక్షణలేమిటి?" అన్న ప్రశ్న పైకి న్యాయంగానే వినిపిస్తుంది. దానికి సమాధానం చెప్పాలంటే ఈ ఉద్యోగి పని ఏమిటో, అతనికి మనం నేర్పుతున్నదేమిటో, నేర్పవలసినదేమిటో కొంచెం వివరంగా చూడాలి.

నగదు పుస్తకం చెప్పని సంగతులు

మన దేశంలో స్థానిక స్వపరిపాలనకు పునాది పత్రంగా చెప్పుకునే లార్డ్ రిప్పన్ తీర్మానం 1882 మే 18న వెలువడింది. అప్పటినుంచి శతాబ్దానికి పైగా మన పురపాలక సంఘాలు నగదు పుస్తకం మీదనే నడిచాయి. డబ్బు వస్తే ఎడమ వైపు, పోతే కుడి వైపు. రోజు ముగిసేసరికి నిల్వ సరిపోతే లెక్క సరిపోయినట్లే. ఈ ఒంటిపద్దు విధానంలో గొప్ప సౌలభ్యం ఉంది. అర్థం కానివారు ఉండరు. దొంగతనం జరిగితే కొంతవరకు పట్టిస్తుంది కూడా.

కాని అది చెప్పని సంగతులు చాలా ఉన్నాయి. ఒక కాంట్రాక్టరు డిసెంబరులో కాలువ కట్టి బిల్లు పెట్టాడనుకుందాం. డబ్బు లేక ఆ బిల్లు బీరువాలో ఉండిపోయింది. నగదు పుస్తకం దృష్టిలో ఆ కాలువ లేదు, ఆ అప్పూ లేదు. అలాగే పన్ను చెల్లించని ఇళ్ల బకాయి ఆ పుస్తకంలో కనిపించదు. దానికి వేరే రిజిస్టరు ఉంటుంది. ఇక కాంట్రాక్టర్లు కట్టిన ధరావతు సొమ్ము ఉంటుంది. అది పని పూర్తయ్యాక తిరిగి ఇవ్వవలసిన పరాయి సొమ్ము. కాని బ్యాంకులో అది మన డబ్బుతో కలిసి ఒకే నిల్వగా కనిపిస్తుంది. ఎవరిది ఎంతో విడదీసి చూడకపోతే ఆ నిల్వ మొత్తం మనదేనన్న భ్రమ కలుగుతుంది.

1993 జూన్ 1న అమలులోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ పట్టణ సంస్థలకు రాజ్యాంగ ప్రతిపత్తి కల్పించింది. వాటికి అప్పగించదగిన 18 అంశాలను పన్నెండవ షెడ్యూలులో పేర్కొన్నది. అంతకు కొద్ది వారాల ముందే, ఏప్రిల్ 24న, 73వ సవరణ పంచాయతీలకు 29 అంశాల జాబితాను ఇచ్చింది. బాధ్యతలు పెరిగాయి, నిధుల రాక పెరిగింది. ఆ నిధులకు లెక్క రాసే చేతులు మాత్రం ఆ దామాషాలో పెరగలేదు.

లెక్కల తీరు మార్చవలసిన అవసరాన్ని ఆ తరువాతనే గట్టిగా గుర్తించారు. 2000లో పదకొండవ ఆర్థిక సంఘం స్థానిక సంస్థల పద్దుల నిర్వహణపై కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ పర్యవేక్షణ ఉండాలని సూచించింది. ఆ వరుసలోనే 2004లో జాతీయ పురపాలక అకౌంట్ల మాన్యువల్ వెలువడింది. 2005 డిసెంబరులో ప్రారంభమైన జవహర్‌లాల్ నెహ్రూ పట్టణ నవీకరణ పథకం కింద నిధులు కావాలనుకున్న నగరాలకు జంటపద్దు విధానం తప్పనిసరి సంస్కరణ అయింది. ఇచ్చిపుచ్చుకోవలసినవన్నీ, చేతికి డబ్బు వచ్చినా రాకపోయినా, పుస్తకాల్లోకి ఎక్కాలన్నది దాని సారాంశం.

ఉద్దేశం ఉత్తమమైనదే. ఆచరణలో చాలా చోట్ల జరిగిందేమిటంటే, ఆ పనిని బయటి చార్టర్డ్ అకౌంటెంటు సంస్థలకు అప్పగించారు. ఏడాదికొకసారి వారి మనుషులు వస్తారు. ఓచర్లు, పాస్‌పుస్తకాలు పట్టుకెళతారు. కొంతకాలానికి చక్కగా అచ్చువేసిన ఆస్తి అప్పుల పట్టిక తెచ్చి ఇస్తారు. మన అకౌంటెంటు దానిమీద సంతకం చేస్తాడు. ఒక తరగతిలో నేను, "మీ ఊరి ఆస్తి అప్పుల పట్టికను చదివినవారు ఎందరు?" అని అడిగాను. ముప్పైమందిలో నాలుగు చేతులు లేచాయి. "సంతకం చేసినవారు ఎందరు?" అంటే ఇంచుమించు అందరూ చేతులెత్తారు. అందులో నవ్వవలసినదేమీ లేదు. వారిని చదవమని అడిగినవారు అంతవరకు ఎవరూ లేరు.

ఒక ఊహా పట్టణం

చిట్టా ఆవర్జాల సూత్రాలు నేర్పడం కష్టం కాదు. వాణిజ్యశాస్త్రం చదివిన పిల్లలు రెండు రోజుల్లో అందుకుంటారు. కష్టమైనది మరొకటి ఉన్నది. అది నేర్పడానికి మేము ఒక ఊహా పట్టణాన్ని సృష్టించుకున్నాము. ఆ పట్టణపు సంవత్సరాదాయం రమారమి 12 కోట్ల రూపాయలు. అంచనా వ్యయం 11 కోట్ల 60 లక్షలు. ఆదాయ వ్యయ అంచనాల పత్రం చూస్తే మిగులే కనిపిస్తుంది. కౌన్సిలు సమావేశంలో ఎవరూ ప్రశ్న వేయకుండానే ఆమోదం పొందగల పత్రం అది.

"ఇప్పుడు దీనిని పన్నెండు నెలలకు విడదీయండి" అని అడిగేవాళ్లం.

విడదీయగానే అసలు రూపం బయటపడేది. పారిశుద్ధ్య కార్మికుల వేతనాలు, నీటి పంపులకూ వీధి దీపాలకూ విద్యుత్ బిల్లు, వాహనాల డీజిలు వగైరాలకు నెలకు 80 లక్షలు తప్పనిసరి. వీటిలో వేటినీ వాయిదా వేయడానికి వీలులేదు. వసూళ్లు మాత్రం ఆ క్రమంలో రావు. తెలుగు రాష్ట్రాల్లో ఏడాది పన్నును ఏప్రిల్‌లోనే కట్టినవారికి 5 శాతం రాయితీ ఇస్తూ వచ్చారు గనుక ఆ నెల కొంత కళకళలాడుతుంది. రెండవ అర్ధ సంవత్సరం మొదలయ్యే అక్టోబరులో కొంత వస్తుంది. మిగిలిన బరువంతా మార్చి మీదనే. బిల్లు కలెక్టర్లు ఇల్లిల్లూ తిరిగి, దుకాణాలకు నోటీసులు అంటించి, ఆదివారాలు కూడా కౌంటర్లు తెరిచి రాబట్టే సొమ్ము అది. మా ఊహా పట్టణంలో ఏప్రిల్ రాబడి 192 లక్షలు, అక్టోబరులో 112, మార్చిలో 322. తక్కిన తొమ్మిది నెలల్లో నెలకు 64 లక్షలు మాత్రమే.

ఏప్రిల్ 1న చేతిలో 30 లక్షల నిల్వతో లెక్క మొదలుపెట్టించేవాళ్లం. ఏప్రిల్‌లోనే పాత సంవత్సరపు కాంట్రాక్టు బిల్లులు కోటి రూపాయలు చెల్లించాలి. మే నెలాఖరుకు నిల్వ 26 లక్షలు. జూన్ చివరకు 10 లక్షలు. జులైలో 6 లక్షల లోటు. సెప్టెంబరుకు 38 లక్షలు. అక్టోబరులో కాస్త ఊపిరి పీల్చుకుని మళ్లీ దిగజారి, ఫిబ్రవరి చివరకు లోటు 70 లక్షలకు చేరుతుంది. మార్చి వసూళ్లతో ఆ గొయ్యి పూడి, మరో కోటి రూపాయల బిల్లులు చెల్లించిన తరువాత కూడా 72 లక్షల నిల్వ మిగులుతుంది. సంవత్సరాంతపు లెక్క చూసినవారికి ఊరు సుభిక్షంగా ఉన్నట్లే. ఎనిమిది నెలలపాటు ఆ ఊరు డబ్బు లేకుండానే నడిచిందన్న విషయం ఆ పత్రంలో ఎక్కడా ఉండదు.

"మరి ఈ ఎనిమిది నెలలూ ఎక్కడినుంచి తెస్తారు?" అని అడిగితే గదిలో కొంచెంసేపు మౌనం. తరువాత వెనుక బల్లనుంచి ఎవరో ఒకరు మెల్లగా అనేవారు: "ధరావతులు ఉంటాయి కదా సార్."

ఉంటాయి. అలాగే ఫలానా పనికే వాడాలని వచ్చిన గ్రాంటు సొమ్ము కూడా బ్యాంకులో ఉంటుంది. తాత్కాలికంగా వాడుకుని మార్చిలో తిరిగి సర్దుబాటు చేస్తారు. అనామతు ఖాతాలో ఒక పద్దు పడుతుంది. ఏళ్ల తరబడి అలా సర్దుకుంటూ వచ్చినవారికి అది తప్పుగానే తోచదు. ఊరి మేలు కోసమే చేసే పని కదా అంటారు. వారి మాటలో అబద్ధం లేదు. చీపురు పట్టిన మనిషికి జీతం ఇవ్వడానికే ఆ సొమ్ము తీశారు. అయితే ఆ ఏర్పాటు మొత్తం ఒకే నమ్మకం మీద నిలిచి ఉన్నది. మార్చి తప్పకుండా వస్తుంది, వచ్చి ఆదుకుంటుంది అన్నదే ఆ నమ్మకం.

శార్వరి ఉగాది

ఉగాది నాడు పంచాంగ శ్రవణంలో ప్రతి రాశికీ ఆదాయం, వ్యయం, రాజపూజ్యం, అవమానం చెబుతారు. అకౌంటెంటు ఉద్యోగానికి ఈ నాలుగూ సరిగ్గా సరిపోతాయని తరగతిలో పరిహాసం ఆడుకునేవాళ్లం. 2020లో శార్వరి నామ సంవత్సర ఉగాది మార్చి 25న వచ్చింది. దేశమంతటా లాక్‌డౌన్ మొదలైన రోజు కూడా అదే.

పురపాలక సంఘాల దృష్టితో చూస్తే అంతకంటె క్లిష్టమైన ముహూర్తం ఉండదు. సంవత్సరపు వసూళ్లలో అత్యధిక భాగం రావలసిన చివరి వారం అది. బిల్లు కలెక్టర్లు ఇల్లు కదలడానికి వీలులేకపోయింది. దుకాణాలు మూతపడ్డాయి, మార్కెట్ అద్దెలు ఆగిపోయాయి. ఇళ్ల నిర్మాణం నిలిచిపోవడంతో ప్లాను రుసుములూ లేవు. ఖర్చు మాత్రం ఆగలేదు సరికదా, పెరిగింది. బ్లీచింగు పొడి, హైపోక్లోరైటు ద్రావణం, మాస్కులు, చేతి తొడుగులు, అదనపు మనుషులు. ఊరంతా తలుపులు వేసుకుని కూర్చున్న రోజుల్లో వీధిలోకి వచ్చి పనిచేసినవారు పారిశుద్ధ్య కార్మికులే. వారిలో పెక్కుమంది పొరుగుసేవల పద్ధతిలో, సంఘపు సాధారణ నిధులనుంచి వేతనం పొందేవారు. నా ఊహా పట్టణంలో అరగంట అభ్యాసంగా చేయించిన లెక్క ఆ ఏప్రిల్ నాటికి వందల ఊళ్లలో నిజమై కూర్చుంది.

శిక్షణ తరగతులు సహజంగానే ఆగిపోయాయి. తరువాతి నెలల్లో వాటి పద్దు కూడా కత్తిరింపుకు గురైంది. అటువంటి ఒక రోజున ఒక చిన్న పట్టణపు అకౌంటెంటు నాకు ఫోను చేశారు. మూడేళ్ల క్రితం అయిదు రోజుల తరగతికి వచ్చిన మహిళ. ముందు బల్లలో కూర్చుని తక్కువగా మాట్లాడిన మనిషిగా మాత్రమే ఆమె నాకు గుర్తు.

"సార్, అప్పట్లో మీరు వేయించిన పన్నెండు నెలల పట్టిక తీసి మా ఊరి లెక్క వేశాను. జూన్ దాటేట్టు లేదు. ఏమని రాయమంటారు?"

"ఉన్నది ఉన్నట్టు రాయమ్మా. ఎంత ఉన్నదో, అందులో మనది కానిది ఎంతో, నెలనెలా ఏది ఆపరానిదో రాయి. నిర్ణయం కమిషనరు గారిది. నిర్ణయించడానికి కావలసిన కాగితం నీది."

ఆమె రాసిన నోటు ఒక పేజీ. బ్యాంకు ఖాతాలవారీగా నిల్వ. దానిలోనుంచి ధరావతులు, ప్రత్యేక గ్రాంట్లు తీసివేయగా మిగిలిన అసలు నిల్వ. రాబోయే ఆరు నెలలకు జాగ్రత్తగా కట్టిన రాబడి అంచనా. చేతిలో ఉన్న బిల్లులు తేదీల వరుసలో. చివరన చెల్లింపుల క్రమానికి ఒక ప్రతిపాదన: మొదట పారిశుద్ధ్య వేతనాలు, తరువాత మంచినీటికి సంబంధించిన విద్యుత్తు, పటిక, క్లోరిను, ఆ తరువాతనే పనుల బిల్లులు. రెండు రోజులు బల్లమీద ఉన్న తరువాత కమిషనరు దానిపై సంతకం చేశారు. ఆ ఊరిలో ఆ వేసవిలో కార్మికుల వేతనాలు ఒక్క నెల కూడా ఆగలేదు.

ఈ కథను ఇక్కడ ఆపితే వినడానికి బాగుంటుంది, కాని అది సగమే అవుతుంది. ఆ క్రమం వల్ల వెనక్కిపోయిన బిల్లుల్లో ఒక చిన్న రోడ్డు కాంట్రాక్టరుది ఉన్నది. ఆయన ఆమె బల్ల దగ్గరకు వచ్చి, "నా దగ్గరా కూలీలున్నారమ్మా" అన్నాడట. ఆ మాటకు ఆమె దగ్గర సమాధానం లేదు. నా దగ్గర కూడా లేదు. ఉన్న డబ్బు చాలనప్పుడు న్యాయమైన క్రమం కూడా ఎవరో ఒకరికి అన్యాయం చేస్తుంది. ఆమె చేయగలిగింది ఒక్కటే. వరుసలో ఆయన బిల్లు ఎన్నవదో, ఏ నెలలో చెల్లించగల అవకాశమున్నదో రాసి ఆయన చేతికి ఇచ్చింది. నవంబరులో ఆయనకు డబ్బు అందింది. రేపు మాపు అని తిప్పించుకునే ఆలస్యానికీ, తేదీ తెలిసిన ఆలస్యానికీ ఎంతో భేదముందని, దాన్ని చూపించి వడ్డీ వ్యాపారి దగ్గర గడువు అడగగలిగానని ఆయన తరువాత ఆమెతో అన్నాడు.

ఆ అయిదు రోజుల పాఠాల్లో ఆమెకు గుర్తున్నవి ఏమిటని అడిగాను. చిట్టా పద్దుల సూత్రాలు బయటి సంస్థవారే చూసుకుంటున్నారు గనుక చాలావరకు మరచిపోయానని చెప్పారు. ఆ ఒక్క పట్టిక మాత్రం మిగిలిందట. అది విన్న తరువాత నా తరగతుల్లో ఆ పట్టికకు ఒక పూట బదులు ఒకటిన్నర రోజు కేటాయిస్తూ వచ్చాను.

ఇతర దేశాల అనుభవం

కరవు కాలంలో లెక్కలు తప్పితే ఎంత పెద్ద నగరమైనా నిలబడదు. 1975లో న్యూయార్క్ నగరం దివాలా అంచుకు వెళ్లింది. ఏళ్ల తరబడి ఆ నగరం రోజువారీ ఖర్చులను కూడా మూలధన వ్యయంగా చూపి, స్వల్పకాలిక అప్పులతో గొయ్యి పూడ్చుకుంటూ వచ్చింది. ఆ ఏడాది వసంతంలో బ్యాంకులు కొత్త అప్పు పుట్టించడానికి నిరాకరించేసరికి, అసలు తాము ఎంత అప్పులో ఉన్నామో తేల్చి చెప్పే నమ్మకమైన పుస్తకాలు నగరం దగ్గర లేవు. జూన్‌లో రాష్ట్ర ప్రభుత్వం కల్పించుకుని రుణాల కోసం ప్రత్యేక సంస్థను స్థాపించింది. వేలమంది ఉద్యోగాలు పోయాయి. ఆ తరువాత నగరం మీద విధించిన షరతుల్లో ముఖ్యమైనది, సర్వామోదం పొందిన సూత్రాల ప్రకారం లెక్కలు రాసి తీరాలన్నది.

ఇంగ్లండులో ఈ ఉద్యోగికి చట్టమే గొంతు ఇచ్చింది. అక్కడ స్థానిక సంస్థల ఆర్థికాధికారులకు వృత్తి సంస్థ 1885లోనే ఏర్పడింది. 1988 నాటి స్థానిక ప్రభుత్వాల ఆర్థిక చట్టం ప్రకారం ప్రధాన ఆర్థికాధికారి గుర్తింపు పొందిన అకౌంటెన్సీ సంస్థలో సభ్యుడై ఉండాలి. ఖర్చు రాబడిని మించిపోయేటట్లు కనిపిస్తే 114వ సెక్షను కింద నివేదిక ఇవ్వడం ఆయన విధి. ఇవ్వాలా వద్దా అన్న విచికిత్స లేదు. ఆ నివేదికను సభ్యులందరికీ పంపాలి, 21 రోజుల్లోగా కౌన్సిలు సమావేశమై చర్చించాలి, ఈలోగా కొత్త ఖర్చులకు ఒప్పుకోరాదు. 2018లో నార్తాంప్టన్‌షైర్, 2020లో క్రోయిడన్, 2023 సెప్టెంబరులో బర్మింగ్‌హామ్ ఇటువంటి నివేదికలనే చూశాయి. అది అవమానకరమైన స్థితి. ఆ నగరాల పౌరులు దాని ఫలితాలు అనుభవించారు. అయినా "డబ్బు లేదు" అన్న మాటను బహిరంగంగా, సంతకంతో చెప్పే బాధ్యత ఒక ఉద్యోగి మీద చట్టబద్ధంగా ఉన్నదన్నది మనం గమనించవలసిన విషయం.

మన అకౌంటెంటు కమిషనరుకు సహాయకుడు. ఆ పైన ఎన్నికైన పాలకవర్గం, దానిపైన ప్రభుత్వం. ఆయనకు అటువంటి చట్టబలం లేదు. ఉన్నదల్లా దస్త్రంమీద నోటు రాసే అవకాశం. ఆ నోటు స్పష్టంగా, మర్యాదగా, అంకెలతో రాయడం ఒక విద్య. ఎదిరించినట్లు కాకుండా, దాచినట్లూ కాకుండా రాయాలి. జంటపద్దు సూత్రాలు నేర్పినంత శ్రద్ధగా మనం దీనిని నేర్పడం లేదు.

శిక్షణ ఎలా ఉండాలి

శిక్షణ పేరుతో జరిగేదంతా ప్రయోజనకరమని చెప్పబోవడం లేదు. తరగతికి ఎవరిని పంపాలో నిర్ణయించేటప్పుడు చాలా కార్యాలయాలు చూసేది ఎవరు లేకపోయినా పని నడుస్తుందా అని. అంటే నిజంగా లెక్కలు చూసే మనిషి ఆఫీసులోనే ఉండిపోతాడు. వచ్చినవారిలో కొందరు తిరిగి వెళ్లేసరికి వేరే సెక్షనుకు బదిలీ అయి ఉంటారు. ఉపన్యాసాలు, తేనీరు, ప్రశంసాపత్రం, సామూహిక ఛాయాచిత్రం. ఇటీవలి సంవత్సరాల్లో దీనికి కంప్యూటరు తెరమీద పాఠాలు తోడయ్యాయి. దూరాభారం, ఖర్చు తగ్గించాయన్న మేలు వాటిలో ఉన్నది. మీట నొక్కుకుంటూ పోతే పాఠం పూర్తయినట్లు నమోదయ్యే లోపమూ ఉన్నది. ఇటువంటి శిక్షణను కటకట కాలంలో కొట్టివేస్తే పెద్దగా నష్టం లేదని నేనూ ఒప్పుకుంటాను.

నిలుపుకోవలసిన శిక్షణ వేరు. దానికి పెద్ద భవనం అక్కరలేదు. ప్రతి ఉద్యోగి తన ఊరి పాస్‌పుస్తకాలు, డిమాండు వసూలు బకాయి రిజిస్టరు, చెల్లించని బిల్లుల జాబితా వెంట తెచ్చుకోవాలి. అయిదు రోజులూ ఆ ఊరి లెక్కమీదనే పనిచేయాలి. తిరిగి వెళ్లేనాటికి చేతిలో పన్నెండు నెలల పట్టిక, ఒక పేజీ నోటు ఉండాలి. ఆరు నెలల తరువాత మళ్లీ ఒక రోజు కలుసుకుని, అంచనా ఎక్కడ తప్పిందో పోల్చి చూడాలి. చివరి పూట కమిషనర్లనూ, వీలైతే అధ్యక్షులనూ పిలిచి, ఆ పట్టికను వారిచేత చదివించాలి. రాసేవాడికి ఒక్కడికే నేర్పి చదివేవారికి నేర్పకపోతే ఆ నోటు బల్లమీదనే ఉండిపోతుంది.

ఖర్చు సంగతికి వస్తే, లెక్కలు రాకపోవడానికే ఎక్కువ ఖర్చవుతుంది. 2021–26 కాలానికి పదిహేనవ ఆర్థిక సంఘం స్థానిక సంస్థలకు 4,36,361 కోట్ల రూపాయలు సిఫారసు చేసింది. వాటిలో స్థానిక సంస్థల సాధారణ గ్రాంట్లు అందుకోవడానికి ఒక ప్రవేశ నియమం పెట్టింది. గడచిన సంవత్సరపు తాత్కాలిక లెక్కలను, అంతకుముందు సంవత్సరపు ఆడిటు అయిన లెక్కలను అంతర్జాలంలో ప్రకటించాలి. అంటే లెక్కలు సకాలంలో పూర్తి చేయలేని ఊరు తనకు రావలసిన గ్రాంటునే పోగొట్టుకునే స్థితి వచ్చింది. మరోవైపు అప్పు కావాలన్నా అంతే. 1998లో అహ్మదాబాదు నగరపాలక సంస్థ రాష్ట్ర ప్రభుత్వ హామీ లేకుండా 100 కోట్ల రూపాయల బాండ్లు జారీ చేయగలిగింది. 2018 ఫిబ్రవరిలో మహా హైదరాబాదు నగరపాలక సంస్థ 8.9 శాతం వడ్డీకి 200 కోట్లు సేకరించింది. బాండ్లు కొనేవారు నగరపు శిల్పసంపదను చూసి డబ్బు ఇవ్వరు, పుస్తకాలు చూసి ఇస్తారు.

పెద్ద నగరాలకు నిపుణులను నియమించుకునే స్తోమత ఉన్నది. చిన్న పట్టణాలకు, గ్రామ పంచాయతీలకు లేదు. 2020 ఏప్రిల్ 24న ప్రారంభమైన ఈ–గ్రామస్వరాజ్ వ్యవస్థలో పంచాయతీల పద్దులు కంప్యూటరుకు ఎక్కుతున్నాయి. స్థానిక సంస్థల ఆడిటు కోసం 2024 జులైలో రాజకోటలో ఒక అంతర్జాతీయ కేంద్రం కూడా ఆరంభమైంది. ఇవన్నీ స్వాగతించదగినవే. యంత్రం అంకెలను కూడుతుంది, ఆడిటరు జరిగిపోయిన దానిని పరిశీలిస్తాడు. రాబోయే ఆగస్టులో డబ్బు ఉండదని ఈ ఏప్రిల్‌లోనే చెప్పవలసినవాడు మాత్రం ఆ ఊరి కార్యాలయంలో కూర్చున్న మనిషే. ఆ మనిషికి ఆ చూపు, ఆ ధైర్యం ఒకనాటి అవసరానికి పుట్టుకురావు. పంట బాగా పండిన ఏడు విత్తనాలు దాచుకున్నట్లు వాటిని ముందుగానే సమకూర్చుకోవాలి, కరవు ఏడు వచ్చినప్పుడు వాటిని తినివేయకూడదు.

పాఠకులకు ఒక మనవి. మీ పురపాలక సంఘం లెక్కలను చూడడానికి మీరు అకౌంటెన్సీ చదివి ఉండనక్కరలేదు. తరువాతి సారి పన్ను కట్టడానికి వెళ్లినప్పుడు రెండు సంగతులు అడగండి. ఈ ఏడు లెక్కలు ప్రకటించారా? బ్యాంకులో ఉన్న నిల్వలో ఊరికి చెందినది ఎంత, ధరావతుదారులకు తిరిగి ఇవ్వవలసినది ఎంత? వెనుక గదిలోని ఉద్యోగి ఆ ప్రశ్నకు పుస్తకం తెరిచి, వేలు పెట్టి చూపగలిగితే మీ ఊరు కష్టకాలానికి కొంతవరకైనా సిద్ధంగా ఉన్నదని నమ్మవచ్చు. చూపలేకపోతే అతనిని నిందించవద్దు. చివరిసారి అతనిని శిక్షణకు ఎప్పుడు పంపారో కమిషనరు గారిని అడగండి.